నల్ల గడియారం, నిమిషంన్నర

జిల్లా జైలు,
12 ఆగస్టు 2024

బావా,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఇక్కడ ఫోనంటే వారానికి ఐదు నిమిషాలు, అది కూడా పక్కన ఒకడు నిలబడి వింటుంటాడు. ఆ ఐదు నిమిషాలు నా తోడబుట్టిన అప్ప ఏడుపుకే చాలడం లేదు. సాక్షివి కాబట్టి నువ్వు ములాఖత్‌కు రావొద్దని లాయరు చెప్పాడట. ఉత్తరం రాయొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. అయితే వచ్చేదీ పోయేదీ ప్రతి ఉత్తరం ఆఫీసులో చదివాకే చేతికిస్తారు. అది గుర్తుంచుకుని రాయి.

నా మాటేముంది. నా తమ్ముడు సూర్యం ఓడ అడుగున ఊపిరాడక చచ్చిపోయిన రోజున, పైన వాడి గాలిగొట్టమూ తాడూ పట్టుకుని ఉండాల్సినవాడు యువరాజు. ఆ యువరాజును జూన్‌లో ఉప్పుటేట్లో ముంచి చంపినవాణ్ణి నేను. కాదని ఎవరి దగ్గరా అనలేదు. లాయరు చెప్పేది ఒకటే. చంపాలనే ముంచానని తేలితే యావజ్జీవం. భయపెట్టి నిజం కక్కించాలని ముంచితే లెక్క తప్పి చచ్చిపోయాడని తేలితే కొన్నేళ్ళతో పోతుంది. నేను రెండోదే చెప్పాను. నిమిషంన్నర ఉంచుదామనుకున్నాను, కోపంలో లెక్క తప్పింది. నువ్వు దూరంగా గట్టు మీద ఉన్నావు, పరుగెత్తుకొచ్చేసరికి అయిపోయింది. నువ్వు స్టేషన్లో చెప్పిందీ అదే కాబట్టి మనిద్దరికీ బెంగ లేదు.

గడియారం సంగతి రాద్దామని మొదలుపెట్టాను. ఏట్లోకి దిగే ముందు తడుస్తుందని నీ చేతికిచ్చాను కదా, అది ఇక నీ దగ్గరే ఉంటుంది. దాచిపెట్టకు. పెట్టుకో. అందులో బ్యాటరీ లేదు, చెయ్యి కదిలితేనే తిరుగుతుంది. మూడు రోజులు విప్పి బల్ల మీద పెడితే ఆగిపోతుంది. నాలుగేళ్ళలో ఒక్కరోజు ఆగనివ్వలేదు. నిద్రలోనూ తియ్యలేదు. మీ జీడి బట్టీ దగ్గర కూడా భయపడక్కర్లేదు, సెరామిక్ అంటే పింగాణీకి పెద్దన్న లాంటిది, జీడి నూనె పట్టదు, గీత పడదు. ఓడల అడుగున గుల్లలు గీకేటప్పుడు ఎన్నిసార్లు ఇనుముకు రాసుకుందో నాకే తెలీదు, ఒక్క మచ్చ లేదు. గట్టి దెబ్బ పడితే మాత్రం పగులుతుంది. కాస్త చూసుకో.

మొన్న భోజనాల దగ్గర యువరాజు వాళ్ళ ఊరివాడొకడు, ఏదో దొంగతనం కేసులో వచ్చినవాడు, "నీల్లల్లో మనిసిని ముంచీసినోడివి నువ్వేనేటి?" అని పళ్ళెం అంచుతో నా నుదుటి మీద కొట్టాడు. రక్తం కంట్లోకి కారింది. నేను వాడి రెండు వేళ్ళు పట్టుకుని వెనక్కి విరిచాను. పచ్చి మునక్కాడ విరిచినట్టే ఉంది. వాడు కింద పడి దొర్లుతుంటే నేను కూర్చుని అన్నం తినేశాను. చెప్పుకోవడానికి గొప్పేం కాదు, నాకు ఆకలేసింది.

అప్పను ఏడవొద్దని చెప్పు. నా మేనకోడలు అశ్విని బడి మాన్పించొద్దు.

నీ బామ్మర్ది,
పోలారావు


కాశీబుగ్గ,
30 ఆగస్టు 2024

ఒరే పోలారావూ,

ఉత్తరం అందింది. నీ చేతిరాత ఇంత బాగుంటుందని నాకు తెలీదు. పదో తరగతిలో ఇలా రాసి ఉంటే ఈపాటికి ఏ ఆఫీసులోనో ఫ్యాను కింద కూర్చునేవాడివి.

నీ గడియారం నా చేతికే ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అదే. బట్టీలో అందరికీ నేను వేడుకైపోయాను. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు "ఏటి ఢిల్లీరావు మావా, ఆడోల్ల గాజు ఎట్టుకున్నావేటి, అదీ నల్లది?" అని ఒకటే నవ్వు. కేసు నలుపు, పట్టీ నలుపు, చుట్టూ తిరిగే రింగు నలుపు, అంకెలూ ముళ్ళూ కూడా నలుపే. ఎవడికి తట్టిందిరా ఈ ఆలోచన? గడియారమన్నాక టైము కనబడాలి కదా. ఎండలో అయితే మరీ అన్యాయం. నల్ల మీద నల్ల, ముల్లెక్కడుందో, గీతెక్కడుందో అసలు తెలీదు. ఎంత కళ్ళు చికిలించినా కనబడదు. ఈ సంగతి నీకు తెలియాలని రాస్తున్నాను. ఎండలో కనబడదు.

మీ అప్ప ఏడవడం లేదు. నీకు ఫోన్లో వినిపించేది ఏడుపైతే అది నీ కోసం. యువరాజు శవాన్ని ఒడ్డుకు చేర్చిన రోజు ఇంట్లో ఏం వండిందో నీకు చెప్పలేదు కదా. సొర చేప పులుసు. సూర్యం పోయిన దగ్గర్నుంచి ఐదు నెలలు నీచు ముట్టని మనిషి, ఆ రోజు రెండుసార్లు పెట్టుకుని తింది. నా విస్తట్లోనూ వేసింది. నాకు దిగలేదు. "తినవేటి?" అంది. కడుపులో బాగోలేదన్నాను.

ఆమెను తప్పు పట్టను. నీకు గుర్తుందో లేదో, మీ అమ్మ పోయినప్పుడు సూర్యానికి నాలుగేళ్ళు. నా పెళ్ళిలో మీ అప్ప కొంగు పట్టుకుని వాడూ పీటల దాకా వచ్చాడు, ఇంటికీ వచ్చాడు. ఇరవై ఏళ్ళు నా పళ్ళెంలో తిన్నాడు. నువ్వు వాడికి అన్నవి, నేను వాడికి ఏమవుతానో నాకే తెలీదు.

యువరాజు అన్న రామూర్తి ఈ మధ్య కాశీబుగ్గలో తిరుగుతున్నాడట. బట్టీ దగ్గర నా గురించి ఇద్దర్ని వాకబు చేశాడు. చూద్దాం. సాక్షి సమన్లు ఇంకా రాలేదు.

ఢిల్లీరావు


జిల్లా జైలు,
19 సెప్టెంబరు 2024

బావా,

ఎండలో కనబడదని ఒక ఉత్తరంలో మూడుసార్లు రాశావు. చదివితే నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు ఆ గడియారంతో బురద నీళ్ళలో పని చేశాను. నా చెయ్యి నాకు కనబడనంత బురదలోనూ ఆ ముల్లు కనబడేది. ఎండలో దాన్ని కొంచెం పక్కకు వంచి చూస్తే పసిపిల్లాడు కూడా టైము చెబుతాడు. నువ్వు పిక్క చూసి లోపల పప్పు ఎంతుందో చెప్పే మనిషివి. నీ కళ్ళకేమయింది?

సరే, వదిలెయ్యి. కోపంలో రాశాను, కొట్టేసి మళ్ళీ రాయడానికి కాగితం లేదు. కనబడి ఉండదు. ఆ రోజు ఎండ నిజంగానే ఎక్కువ. పైగా నువ్వు దూరంగా ఉన్నావు.

ఇక్కడ పగలంతా చేసేదేం లేక సూర్యం గురించే ఆలోచిస్తున్నాను. మేం పని చేసే రేవులో ఆ రోజు నాది సాయంత్రం పని, వాడిది ఉదయం. నేను గదిలో పడుకుని ఉన్నాను. ఓడ పంఖా దగ్గర గుల్లలు గీకుతుంటే గొట్టం మడత పడి గాలి ఆగిపోయింది. పైకి తీసేసరికి వాడి పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. గోళ్ళలో ఓడ రంగు. అంటే ఆ ఇనుమును గీరాడు బావా. మొసలి పట్టినవాడిలా గీరి గీరి చచ్చాడు. యువరాజు ఒకటే మాట. "తాడు కదల్లేదు. కదిలుంటే నాను లాగనా?" తాడు రెయిలింగుకు కట్టేసి వాడు ఫోన్లో ఉన్నాడని తోటివాళ్ళు చెప్పారు, ఆ తర్వాత వాళ్ళే చెప్పలేదన్నారు. శవం పెట్టె పక్కనే వాణ్ణి పట్టుకుని కొట్టాను. రెండు పళ్ళు ఊడాయి. ఊడిన పళ్ళు చేతిలో పట్టుకుని కూడా అదే మాట, తాడు కదల్లేదని.

రామూర్తి ఎదురైతే తల దించుకుని పక్కకు పో. నీకు గొడవలు చేతకావు. వాడేమడిగినా దూరంగా ఉన్నానని చెప్పు.

పోలారావు


పలాస, ఆస్పత్రి నుంచి,
24 అక్టోబరు 2024

పోలారావుకు,

కుడి చేత్తోనే రాస్తున్నాను, కాబట్టి అక్షరాలు బాగానే ఉంటాయి. ఎడమ చెయ్యి గురించి మీ అప్ప ఫోన్లో చెప్పే ఉంటుంది. ఆమె చెప్పింది సగమే. మిగతా సగం ఆమెకూ చెప్పలేదు.

పదిహేనో తారీఖు సాయంత్రం నాలుగింటికి కాశీబుగ్గ మార్కెట్ వెనక కొబ్బరికాయల కుప్పల దగ్గర నుంచి వస్తున్నాను. రామూర్తి, ఇంకో ఇద్దరు. వెనక నుంచి ఎవడో కాలు అడ్డం పెట్టాడు. పడ్డాను. మొహం మీద తన్నారు, పక్కటెముకల మీద తన్నారు, నేను కొబ్బరి పీచులో ముడుచుకుని పడుకున్నాను. కుప్పల దగ్గర కాయలు ఒలిచేవాళ్ళు పది మంది ఉన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. నేనైనా వచ్చేవాణ్ణి కాదు.

అప్పుడు రామూర్తి నా ఎడమ చెయ్యి పట్టుకుని చొక్కా పైకి లాగి గడియారం చూశాడు. ఒక్కసారిగా అందరూ కొట్టడం ఆపేశారు. రామూర్తి గొంతుక్కూర్చుని అడిగాడు. "ఉప్పు మడిలో పన్జేసే ముసల్ది సూసినాదిరా. మా తమ్ముడు నీల్లల్లో కొట్టుకుంతంటే ఒడ్డు మీద నువ్వు నిల్చోని సేతిలో నల్లదేదో సూత్తన్నావట. ఇదేనా? ఏటి సూత్తన్నావురా? ఏటి లెక్కెడతన్నావు?"

దూరంగా ఉన్నానని నువ్వు చెప్పమన్న మాట కూడా నోట్లోంచి రాలేదు. వాడు నా చేతిని తూకం రాయి మీద పెట్టించి, కొబ్బరికాయలు ఒలిచే గునపం అందుకుని తిప్పి మొద్దు వైపుతో కొట్టాడు. మొదటి దెబ్బ గడియారానికి తగిలింది. నువ్వు చెప్పినట్టే గీత పడలేదు, ఒక పక్క మూల పగిలి ఎగిరింది. ఆ ముక్క నా చెంపలో దిగింది, డాక్టరు పట్టుకారుతో తీశాడు. రెండో దెబ్బ వేళ్ళ మీద. మూడోది కూడా వేళ్ళ మీదే. ఆ చప్పుడు బట్టీలో రోజూ వింటాను, పిక్క పగిలే చప్పుడు. నా వేళ్ళదని తెలియడానికి కాసేపు పట్టింది. మధ్యవేలు, ఉంగరపు వేలు తీసేశారు.

గడియారం ఆగలేదు. దాని మొహం మండ, మూల విరిగి కూడా తిరుగుతోంది. ఆస్పత్రిలో కుడి చేతికి మార్చుకున్నాను. మీ అప్ప "ఇంకా ఎందుకది, ఒగ్గీ" అంటోంది. విప్పబుద్ధి కాలేదు.

పోలీసులు వచ్చి ఎవరు కొట్టారని అడిగారు. చీకటి అన్నాను. "సాయంత్రం నాలుగింటికి చీకటేంటండీ?" అన్నాడు కానిస్టేబులు. రామూర్తి అడిగింది న్యాయమైన ప్రశ్నే అనిపించింది.

ఢిల్లీరావు


జిల్లా జైలు,
6 నవంబరు 2024

బావా,

ఉత్తరం చదివి గోడకు తల కొట్టుకున్నాను. అబద్ధం కాదు, నుదుటి మీద పాత గాయం మళ్ళీ చిట్లింది.

రామూర్తిని వదలను. ఏ కోర్టు ఏ శిక్ష వేసినా ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తాను. వచ్చిన రోజున వాడి రెండు చేతులూ అదే గునపంతో నలగ్గొడతాను. ఆఫీసులో చదివేవాళ్ళు ఈ మాట రాసుకోండి, నాకేం భయం లేదు.

నువ్వు మాత్రం ఆ గడియారం విప్పి బారువ సముద్రంలో పారెయ్యి. ఆగిపోతే పోనీ. పెట్టుకోమని చెప్పడం నా తెలివితక్కువ. నాలుగేళ్ళ అలవాటు, దాన్ని ఎవరో ఒకరు మోస్తుంటే నేనూ బయటున్నట్టు ఉంటుందని నీ మెడకు తగిలించాను. అది ఊరందరికీ నిన్ను చూపించే గుర్తవుతుందని ఆలోచించలేదు.

ఇంకోసారి చెబుతున్నాను. లెక్క తప్పింది నాకు. ముసలిది చూసింది ఏదో, దాని చూపెంత, ఉప్పు మడిలో ఎండకు దానికి నలుగురు ఎనిమిది మందిలా కనబడతారు. నువ్వు గట్టు మీద ఉన్నావు. దూరంగా. నీకు పెళ్ళాం ఉంది, ఎనిమిదో తరగతి చదివే కూతురుంది. నాకెవరున్నారు? నేను ఇక్కడ కూర్చుంటే ఎవరి కూడూ ఆగదు. నువ్వు నోరు మూసుకుని ఉండటమే నాకు చేసే మేలు.

పోలారావు


కాశీబుగ్గ,
14 జనవరి 2025

ముందుగా ఈ ఉత్తరం తెరిచి చదివే ఆఫీసు అయ్యగారికి నమస్కారం. ఇన్ని నెలలూ మీరు చదువుతారనే భయంతో రాశాను. ఇది మాత్రం మీరు చదవాలనే రాస్తున్నాను. చదివి, ఎవరికి పంపాలో వాళ్ళకు పంపండి. ఒక నకలు మా లాయరుకు కూడా ఇచ్చాను. ఇరవై ఏడో తారీఖున కోర్టులో నా సాక్ష్యం ఉంది. అక్కడ చెప్పబోయేది ఇదే.

పోలారావూ, నువ్వు కోప్పడతావని తెలుసు. ఎంతైనా కోప్పడు.

అయ్యగారూ, మా వైపు ఒక అలవాటుంది. పనిలో మనిషి పోతే, పక్కనున్నవాడి మీద అనుమానం ఉంటే, వాడు గొంతు లోతు నీళ్ళలో నిలబడి మూడు మునకలు వేసి గంగమ్మ మీద ప్రమాణం చెయ్యాలి. చేస్తే ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. పోయిన జూన్‌లో యువరాజు ఊరికి వచ్చాడు. ఉదయం పదింటికి పెద్దలు ఉప్పుటేటి దగ్గర కూర్చున్నారు. వాడు మునిగాడు. "తాడు కదల్లేదు తల్లీ. కదిలితే నాను తియ్యనా?" అన్నాడు మూడుసార్లు. పెద్దలు లేచి, అయిపోయిందని చెప్పి టీ తాగడానికి వెళ్ళిపోయారు. యువరాజు అంచు నీళ్ళలోనే నిలబడి తడి లుంగీ పిండుకుంటున్నాడు. నేను, పోలారావు మిగిలాం.

పోలారావు నీళ్ళలోకి దిగాడు. మొదటి గుద్దుకు యువరాజు ముక్కు పగిలింది. రెండో గుద్దుకు మోకాళ్ళ మీద కూలాడు, చుట్టూ నీళ్ళు ఎర్రబడ్డాయి. జుట్టు పట్టుకుని నడుం లోతుకు ఈడ్చుకెళ్ళి పోలారావు నన్ను పిలిచాడు. చేతి గడియారం విప్పాడు. తడుస్తుందని నాకిచ్చినట్టు మొదటి ఉత్తరంలో రాశాడు, మీరూ చదివే ఉంటారు. నీళ్ళలో పెట్టుకోవడానికే కొన్న గడియారాన్ని తడుస్తుందని ఎవడైనా విప్పుతాడా అయ్యగారూ? రింగు తిప్పి గుర్తును పెద్ద ముల్లుకు ఎదురుగా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బావా, పైన నువ్వు. నిమిషంన్నర అవగానే కేకెయ్యి, పైకి తీసీత్తాను. అప్పుడు సెప్తాడు నిజం. నాను ఆపుకోగలను కదా, ఈడూ ఆపుకుంతాడు" అన్నాడు. తను మూడు నిమిషాలు ఊపిరి బిగబట్టగలడు, నిమిషంన్నర తనకు ఆట. ఎదుటివాడి ఊపిరిని తన ఊపిరితో కొలిచాడు. ముక్కు పగిలి రక్తం మింగుతున్నవాడికి నిమిషంన్నర ఎంతో పోలారావుకు తట్టలేదు.

ఓడల కింద వాళ్ళ పద్ధతి అది. కింద ఉన్నవాడు పని చేస్తాడు, పైన ఉన్నవాడు టైము చూస్తాడు. పైవాడు పిలిచేదాకా కిందవాడు లెక్కపెట్టుకోడు.

నేను ఒడ్డుకొచ్చి చూశాను. కొంచెం వంచితే ముల్లు స్పష్టంగా కనబడింది. ఎండలో కనబడదని రాసింది పచ్చి అబద్ధం. అర నిమిషానికి వాడి కాళ్ళు నీళ్ళు చిమ్ముతున్నాయి. పోలారావు మోకాలితో వాడి వీపును అదిమాడు. నిమిషానికి ఒక చెయ్యి పైకి లేచి గాలిని పట్టుకోబోయి, పోలారావు చెవిని పట్టుకుని చీరింది. నిమిషంన్నర అయింది. ముల్లు గీత మీదికి వచ్చింది. నేను నోరు తెరిచాను.

నేను అరవలేదు. ఎందుకంటే సూర్యాన్ని ఆ పనిలోకి పంపిన రోజు పలాస రైలు స్టేషన్లో వాడి చెయ్యి తీసుకుని యువరాజు చేతిలో పెట్టినవాణ్ణి నేనే. "మా గుంటణ్ణి నీ సేతిలో ఎడతన్నాను, సూసుకో" అన్నాను. "నాకొగ్గీ మావా" అన్నాడు వాడు. ఆ చెయ్యి ఇప్పుడు నీళ్ళ మీద కొట్టుకుంటోంది. చూస్తుంటే నా కడుపు చల్లబడింది. ఆ మాట ఎలా రాయాలో తెలీక మూడు నెలలు ఆలోచించాను. చల్లబడింది, అంతే.

రెండు నిమిషాలు దాటాక పోలారావు తల తిప్పి "ఎంతైనాది?" అని అడిగాడు. "ఇంకా అవలేదు" అన్నాను. మూడు నిమిషాలకు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే అన్నాను. బుడగలు ఆగిపోయాయి. నాలుగో నిమిషం కూడా పూర్తిగా చూసి, అప్పుడు అరిచాను. పోలారావు తీసేసరికి యువరాజు కళ్ళు తెరుచుకుని ఉన్నాయి, నోట్లోంచి గులాబీ రంగు నురుగు వచ్చింది. పోలారావు వాడి ఛాతీ మీద కూర్చుని గుద్దుతూ "సెప్పరా, సెప్పు" అంటూనే ఉన్నాడు.

ఇంటికి వెళ్ళి నా భార్య బొడ్డమ్మకు చెప్పాను. "మంచి పన్జేసినావు" అంది. ఇప్పుడు సాక్ష్యం సంగతి చెబితే కత్తిపీట విసిరింది. నా పక్కగా పోయి తలుపులో దిగింది. "తమ్ముడొకడు పోనాడు, ఒకడు జైల్లో ఉన్నాడు, నువ్వూ ఎల్లిపోతే గుంటనేసుకోని నానేటి సెయ్యాల?" అంది. కానీ ఆరు నెలలుగా ఆ గడియారం పెట్టుకుని తిరుగుతున్నాను. ప్రతి రోజూ ఎన్నిసార్లు నిమిషంన్నర అవుతుందో నాకు తెలుసు. పళ్ళెం కడిగేలోపు ఒకటి. బస్సు ఎక్కి కూర్చునేలోపు ఒకటి. కేక వెయ్యడానికి అది చాలా ఎక్కువ సమయం.

పోలారావు చంపాలనుకోలేదు. చంపింది నా నోరు. వాడికి పడే శిక్ష నాది.

ఢిల్లీరావు


జిల్లా జైలు,
21 జనవరి 2025

బావా,

నీ ఉత్తరం నా చేతికి రాకముందే నాలుగు చేతులు మారింది. లాయరు నిన్న వచ్చి, నీకు అదృష్టం పట్టింది, మీ బావ చెప్పింది చెబితే నీకు చంపే ఉద్దేశం లేదని తేలిపోతుంది, రెండు మూడేళ్ళలో బయటుంటావు, ఆయన మాత్రం లోపలికి వస్తాడు అన్నాడు. చేతులు కూడా కలిపాడు. అతను వెళ్ళాక కాగితం అడిగి తెచ్చుకున్నాను. ఇదీ వాళ్ళు చదవాలనే రాస్తున్నాను. సంతకం పెట్టి, వేలిముద్ర కూడా వేస్తున్నాను.

నువ్వు అరవలేదు, అది నిజం. ఆ రోజు ఎండలో నీ మొహం చూశాను. నువ్వు కావాలనే అరవడం లేదని నాకు అప్పుడే తెలుసు. నీకు కనబడలేదని నువ్వు రాస్తే కోపం వచ్చింది అందుకే. నాకు తెలిసిన సంగతిని నా దగ్గరే దాస్తున్నావని.

కానీ నీకు తెలియనిది ఒకటుంది. ఆ ముసలిదానికీ కనబడనిది, ఎందుకంటే నీళ్ళ కింద జరిగింది.

తాడు పట్టుకునే పనిలో మాకు కొన్ని గుర్తులుంటాయి. కిందవాడు మాట్లాడలేడు, తాడు లాగి చెబుతాడు. ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే తాడు వదులు చెయ్యమని. నాలుగుసార్లు లాగితే, చచ్చిపోతున్నాను, పైకి తియ్యమని. ఆ నాలుగు లాగుళ్ళు తెలిస్తే పైవాడు ఇంకేమీ ఆలోచించకూడదు, తినే ముద్ద వదిలేసి లాగాలి. మొదటి రోజు నేర్పేది అదే.

యువరాజును ముంచాక నిమిషం కూడా కాలేదు. వాడి కుడి చెయ్యి పైన నా చెవి చీరుతుంటే, ఎడమ చెయ్యి నీళ్ళ కింద నా లుంగీ అంచు పట్టుకుంది. లాగింది. ఆగి లాగింది. ఆగి లాగింది. ఆగి లాగింది. కొట్టుకునే మనిషి లాగే లాగుడు అలా ఉండదు బావా. అది గుర్తు. ఎనిమిదేళ్ళు తాడు పట్టినవాడు, ప్రాణం పోయేటప్పుడు వాడి చేతికి వచ్చింది అదొక్కటే.

నాకు తెలిసింది. స్పష్టంగా తెలిసింది, ఇది గుర్తని, ఇప్పుడు తియ్యాలని. నేను జుట్టు ఇంకా గట్టిగా పట్టుకుని ఇంకా కిందకి తోశాను. వాడి మొహం ఇసుకకు రాసుకోవడం నా చేతికి తగిలింది. నిన్ను "ఎంతైనాది?" అని రెండుసార్లు అడిగింది తియ్యడానికి కాదు, వాడికి ఎంతసేపు పడుతుందో తెలుసుకోవడానికి. నువ్వు నిమిషంన్నరకు అరిచినా తీసేవాణ్ణి కాదు. నీ గొంతు చిరిగేలా అరిచినా తీసేవాణ్ణి కాదు. కాబట్టి చంపింది నేనే, తెలిసి చంపాను. ఈ మాట జడ్జి ముందు చెబుతాను. యావజ్జీవం వేస్తే వెయ్యనీ. రామూర్తిని ఏదో చేస్తానని రాశాను, అది కూడా వెనక్కి తీసుకుంటున్నాను. వాడి తమ్ముణ్ణి నేను చంపాను, వాడు వేళ్ళతో సరిపెట్టాడు.

నువ్వు కోర్టులో చెప్పేది చెప్పు, ఆపను. అరవలేదని చెప్పు. నీ మనసు అలా కుదుటపడుతుందేమో. కానీ నీ మౌనం వల్ల వాడు చావలేదు, అది రాసిపెట్టుకో. అప్పకు చదివి వినిపించు, అశ్వినికి వద్దు.

ఆ రోజు వాడి ఛాతీ మీద కూర్చుని "సెప్పరా" అని గుద్దింది గుర్తుందా? వాడు నీళ్ళ కిందే చెప్పేశాడు. మూడు మునకలు వేసి తాడు కదల్లేదన్నవాడు, నాలుగుసార్లు లాగితే పైవాడికి తెలిసి తీరుతుందని ప్రాణం పోతూ తనే ఒప్పుకున్నాడు. నా తమ్ముడు కూడా వీడి చేతిలోని తాడును నాలుగుసార్లే లాగి ఉంటాడు. వీడు తియ్యలేదు. నేనూ తియ్యలేదు.

పోలారావు